గడప లేని కోర్టు

"ఏ నెల ఎప్పుడు పుడతాదో, ఎప్పుడు పోతాదో నాకు నేర్పొద్దు వదినా" అని తిన్నె మీద నుంచి కుప్పమ్మ గట్టిగా అన్నప్పుడే, గడపకు లోపలివైపు నిలబడిన ఉదయలక్ష్మి గుప్పిట్లో ఫోను గుర్రుమంది.

అత్తగారు మాట్లాడుతుంటే కొత్తకోడలు ఫోను చూడకూడదు. ఆ సంగతి ఉదయలక్ష్మికి తెలుసు. అందుకే చేతిని పైటచెంగు కింద దాచుకుని, బుద్ధిగా తల వంచుకున్నట్టు వంచుకుని చూసింది.

కోయంబత్తూరు టెన్నిస్ టోర్నమెంటు వాళ్ళ సందేశం. జాబితాలో పైనున్న ఒకమ్మాయి తప్పుకుంది. ఆ చోటు ఇప్పుడు ఉదయలక్ష్మిది. క్వాలిఫైయింగ్ మ్యాచులు ఆడనక్కర్లేదు. సరాసరి మెయిన్ డ్రా, అసలు పోటీ.

ఒకసారి చదివింది. మళ్ళీ చదివింది. డి. ఉదయలక్ష్మి, ఇండియా. ఇండియా అనే మాట పక్కన తన పేరు కనబడితే ఆమెకు ఎప్పుడూ కొత్త చీర మడత విప్పినంత సంతోషం.

ఎగిరి గంతేయాలనిపించింది. కానీ గడప దగ్గర యుద్ధం మంచి పట్టు మీద ఉంది.

"యోవ్, మగ్గం ఆపొద్దు!" అని ఇంటి వెనక్కు కేకేసింది తల్లి మునిరత్నమ్మ.

వెనక షెడ్డులో తండ్రి దామోదరం పవర్‌లూమ్ టకటకమని ఆడుతోంది. నగరి వీధుల్లో మగ్గం ఆగిందంటే నూలైనా తెగి ఉండాలి, కరెంటైనా పోయి ఉండాలి, ఇంట్లో గొడవైనా జరుగుతుండాలి. మొదటి రెండూ కాదని తేలితే పక్కిళ్ళ వాళ్ళు కిటికీల దగ్గరకు చేరతారు. అందుకని మాటలు పెరిగే కొద్దీ మగ్గం ఆడుతూనే ఉండాలని మునిరత్నమ్మ కట్టడి.

"మీకు నేర్పేదాన్నా వదినా నేను?" అంది ఆమె, కాఫీ గ్లాసు గడప మీదుగా వియ్యపురాలికి అందిస్తూ. మర్యాదకు మర్యాద, మాటకు మాట. "మీ ఆషాఢం నిన్నటి అమావాస్యతో పోయింది. కాదనలా. మా ఆడి నెల పోయిన వారమే గదా పుట్టింది. అది నిండేదాకా బిడ్డను పంపేది లేదు. మా అమ్మ నన్ను పంపలా, మా అవ్వ మా అమ్మను పంపలా."

"అంటే ఒగ కోడలికి రెండు ఆషాఢాలా?"

"మీకు ఒగటి, మాకు ఒగటి."

గొడవంతా ఇదే. నగరి నుంచి నాలుగడుగులు వేస్తే తమిళనాడు. మునిరత్నమ్మ ఇంటి గోడకు వేలాడేది అరవ క్యాలెండరు. కుప్పమ్మది తిరుచానూరు, తెలుగు పంచాంగం. పెళ్ళి ముహూర్తం పెట్టేటప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూశారు కానీ, పెళ్ళయ్యాక కొత్త జంట దూరంగా ఉండాల్సిన నెల ఇంటికొకటి అవుతుందని ఒక్కరికీ తట్టలేదు. ఆషాఢంలో అత్తాకోడళ్ళు ఒకే గడప దాటకూడదని కుప్పమ్మ కోడల్ని పుట్టింటికి పంపింది. ఆడి నెలలో అల్లుడు అత్తవారి గడప తొక్కకూడదని మునిరత్నమ్మ అల్లుణ్ణి తిన్నె మీదే కూర్చోబెట్టింది.

ఆ అల్లుడు గుణశేఖర్, తల్లి పక్కన పూలబుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. తిరుపతిలో ఒక ప్రైవేటు స్కూల్లో టెన్నిస్ కోచ్. పొడుగ్గా ఉంటాడు కాబట్టి మోకాళ్ళు బుట్టను దాటి పైకి వచ్చాయి. వచ్చినప్పటి నుంచి భార్యను సూటిగా చూడలేదు. చూడకుండా చూడడంలో మాత్రం మంచి పనితనం చూపిస్తున్నాడు.

"శ్రావణమాసం మొదటి శుక్రవారం వదినా ఇది" అంది కుప్పమ్మ. "అమ్మవారి గుడి ముందర నా పూలంగడి. ఈ దినం ఉండే బేరం ఇంకే దినమూ ఉండదు. అయినా అంగడి మూసి వచ్చినా. ఏంటికి? సాయంత్రానికి కొత్తకోడలు మా ఇంట్లో దీపం పెట్టాలని. బుట్టలో కనకాంబరాలు సూడండి. గుడికి పోవాల్సిన పూలు."

మునిరత్నమ్మ పూల వంక చూసింది. కాస్త మెత్తబడింది. మెత్తబడినట్టు కనిపిస్తే ప్రమాదమని వెంటనే పమిట సర్దుకుంది.

ఇక ఆగడం ఉదయలక్ష్మి వల్ల కాలేదు.

"శేఖర్! మెయిన్ డ్రా!"

భర్తను పేరు పెట్టి పిలవొద్దని తల్లి చెవినిల్లు కట్టుకుని చెప్పింది. ఇంట్లో 'బావా' అనే పిలుస్తుంది కూడా. కానీ కోర్టులో ఆయన ఎప్పుడూ శేఖరే. ఇప్పుడామె నోట్లోంచి వచ్చింది కోర్టులోని పిలుపు.

గుణశేఖర్ ఒక్క ఊపున లేచాడు. కనకాంబరాలు తిన్నె మీద పొర్లాయి. "నిజంగానా?" అంటూ రెండంగల్లో గుమ్మం దగ్గరకు వచ్చి కాలెత్తాడు.

"గడప!" అంది మునిరత్నమ్మ.

"పోరా లోపలికి!" అంది కుప్పమ్మ.

ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయింది. కొంగలా ఒంటికాలి మీద నిలబడి, ఇద్దరమ్మల్నీ మార్చి మార్చి చూసి, చివరికి ఆ కాలు బయటే దించాడు. ఉదయలక్ష్మి పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది. ఇంత బారు మనిషి తన కోసం ఒంటికాలి మీద నిలబడడం ఆమెకు ఎంత బాగుందో చెప్పనలవి కాదు.

ఫోను గడప మీదుగా చాచింది. అతను అవతల నుంచే వంగి చదివాడు. అతని ముఖంలో వెలుగు మెడ దాకా పాకింది.

"నేను చెప్పలా? మొన్న పుత్తూరులో నువ్వు ఆ డ్రాప్ షాట్ వేసినావే, అప్పుడే అనుకున్నా, ఈసారి నిన్ను ఎవరూ..."

మాట అక్కడ ఆగింది. ఆగాల్సింది ఇంకొంచెం ముందు.

వెనక షెడ్డులో మగ్గం కూడా ఆగింది.

వీధిలో ఎక్కడో కోడి కొక్కొరొకోమంది. పక్కింటి కిటికీ తలుపు మెల్లగా కిర్రుమంది.

"మొన్నా?" అంది కుప్పమ్మ.

కొడుకు వైపు తిరిగింది.

"మొన్న నువ్వు స్కూలు పిల్లోళ్ళను మదనపల్లిలో పోటీలకు తీసకపోతా ఉండానని గదరా చెప్పినావు?"

గుణశేఖర్ కిందపడిన కనకాంబరాలు ఏరడం మొదలుపెట్టాడు. అంత శ్రద్ధగా పూలు ఏరినవాడు తిరుచానూరులో ఇంతవరకూ పుట్టలేదు.

మునిరత్నమ్మ కూతురి వైపు తిరిగింది. "నువ్వు పుత్తూరుకు పోయేది ఆ కోర్టులో ఒంటరిగా గోడకు బంతి కొట్టుకునేదానికని గదమ్మే నాకు చెప్పింది?"

"గోడా ఉండాదమ్మా ఆడ" అంది ఉదయలక్ష్మి చిన్నగా.

"యోవ్! ఈడికి రా!"

దామోదరం తల మీద నూలుపీచుతో నడవలోకి వచ్చాడు. రోజూ పొద్దున్నే కూతుర్ని మోపెడ్ మీద పుత్తూరులో దింపి వచ్చేది అతనే.

"నేను దింపేది మాత్రమే" అన్నాడు ఎవరూ అడగకముందే. "దింపి, బండి తిప్పుకుని వచ్చేస్తా. వెనక్కి తిరిగి చూస్తే గదా ఎవురు ఉండారో తెలిసేది?"

"ఎందుకు చూడలా?"

"చూస్తే నీకు అబద్ధం చెప్పాల్సి వస్తాదని."

మునిరత్నమ్మ మొగుడి మీద నుంచి చూపు తిప్పేసింది. గడప పక్కన గోడకు చేరగిలి, అలాగే జారి కూర్చుంది. ఆ పని ఆమె కోపం వచ్చినప్పుడు చేయదు. మనసు నొచ్చుకున్నప్పుడు చేస్తుంది. ఉదయలక్ష్మికి ఆ తేడా తెలుసు.

కుప్పమ్మకు మాత్రం మాటలకు కొదవ లేదు.

"నాకు అనుమానం ఉండింది వదినా" అంది, ఇప్పుడు వియ్యపురాలి వైపు జరిగి కూర్చుని. ఇంతసేపూ గడపకు చెరోవైపు ఉన్న ఇద్దరూ ఒక్కసారిగా ఒకే పక్షమయ్యారు. "వీడి మేజోళ్ళు ఉతికేది నేనే. తిరుపతిలో వీడు ఆడేది సిమెంటు గచ్చు మీద. మేజోళ్ళు బూడిద రంగులో రావాల. నెలంతా ఎర్రగా వచ్చినాయి. ఎంత రుద్దినా ఆ ఎరుపు పోదు. ఈ మన్ను యాడిదిరా అంటే, కొండెక్కినా అన్న్యాడు. మెట్లెక్కి పోయేటోడికి మేజోళ్ళలో మన్నేంది అనుకున్నా. అనుకుని, కొడుకు గదా అని ఊరుకున్నా."

"నాకు ఆ అనుమానమూ రాలేదు వదినా" అంది మునిరత్నమ్మ. "నా బిడ్డ గదా అని."

ఆ మాట తిన్నె మీద వాళ్ళకు తగల్లేదు. ఉదయలక్ష్మికి తగిలింది.

నిజానికి ఆ ఆలోచన ఆమెదే. ఆషాఢం మొదటిరోజు ఫోనులో గుణశేఖర్ దిగులుగా, "నెలంతా నీకు బంతి ఎవరు కొడతారు?" అంటే, ఆమె గోడ మీది క్యాలెండరు చూస్తూ అంది: "దాటకూడనిది గడప గదా? కోర్టుకు గడప యాడుండాది?"

పుత్తూరు ఇద్దరికీ మధ్యలో ఉంటుంది. విరిగిన ఎముకలకు కట్టు కట్టించుకునే వాళ్ళతో బస్టాండంతా నిండి ఉండే ఆ ఊళ్ళో, పాత క్లబ్బు వెనక ఒక మట్టి కోర్టు ఉంది. దేవరాజులు అనే ముసలాయన దాన్ని కన్నబిడ్డలా చూసుకుంటాడు. ఎర్రమట్టి జల్లించి, తడిపి, రోలరు లాగి, పైన పలచగా పేడనీళ్ళ అలుకు పెడతాడు. ఆరాక ఆ నేల పల్లెటూరి వాకిలిలా నునుపుగా, చల్లగా ఉంటుంది. బంతి దాని మీద పడి తీరిగ్గా, ఎత్తుగా లేస్తుంది. కాలు జారించుకుంటూ పోయి అందుకోవచ్చు. సిమెంటు మీద రెండు దెబ్బల్లో ముగిసే ఆట అక్కడ ఇరవై దెబ్బలు సాగుతుంది. ఉదయలక్ష్మి ఆటంతా ఆ నేల ఇచ్చిందే. ఆమె బలంగా కొట్టి గెలిచే రకం కాదు. ఎదుటివాళ్ళు విసిగి తప్పు చేసేదాకా బంతిని వెనక్కి పంపుతూ ఉండే రకం.

అక్కడ తెల్లవారుజామున గుణశేఖర్ నెట్టుకు అటువైపు, ఆమె ఇటువైపు. నెట్టు దాటకూడదని ఇద్దరూ ఒట్టు పెట్టుకున్నారు. నీళ్ళ సీసా కావాలంటే నెట్టు కింద నుంచి దొర్లించుకునేవాళ్ళు. ఆట అయ్యాక ఇద్దరూ చెరో సగం కోర్టూ చీపురుతో ఊడ్చి, చెరో దారిన వెళ్ళేవాళ్ళు. పెళ్ళయిన తర్వాత ప్రేమించుకోవడం ఇంత బాగుంటుందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

నెట్టు దాటింది ఒకే ఒక్కసారి. ఆ ఒక్కసారి గుర్తొస్తే ఇప్పటికీ ఆమె చెవులు వేడెక్కుతాయి.

"ఏం నవ్వుతా ఉండావు?" అంది తల్లి.

"నవ్వలేదమ్మా" అని నవ్వు మింగి, ఉదయలక్ష్మి తల్లి పక్కన కూర్చుంది. అత్తగారికి కూడా కనబడేలా, గడపకు సరిగ్గా ఎదురుగా.

"అమ్మా, నీకు చెప్పకుండా పోయినందుకు నన్ను ఏమన్నా అను. ఎన్నాళ్ళయినా అను. అత్తా, మీరూ అనండి. కానీ ఈ పూట మాత్రం నేను చెప్పేది వినండి."

వినేది లేదని ఎవరూ అనలేదు. దాన్నే ఒప్పుకోలుగా తీసుకుంది.

"రేపు రాత్రికి రేణిగుంటలో రైలెక్కాల. ఎల్లుండి సాయంత్రానికి కోయంబత్తూరులో సంతకం పెట్టాల. పెట్టలేదంటే ఆ చోటు ఇంకొకరికి పోతాది. ఇప్పటికి రెండు టోర్నమెంట్లలో ఒక్కో మ్యాచి గెలిచినా. ఇంకొక్క దాంట్లో ఒక్క మ్యాచి గెలిస్తే ప్రపంచ ర్యాంకుల్లో నా పేరు వస్తాది. ఎంత అడుగున అయినా కానీ, వస్తాది. ఆ కోర్టులు ఎర్రమట్టివి. నా నేల అది. ఇట్లాంటి వారం నాకు మళ్ళీ ఎప్పుడు దొరుకుతాదో తెలియదు."

"పో" అంది మునిరత్నమ్మ.

ఉదయలక్ష్మి కళ్ళు పెద్దవయ్యాయి.

"ఆటకు పోవద్దని ఈ ఇంట్లో ఎవరన్నా ఎప్పుడన్నా అన్న్యారా? ఒక్కదానివే ఎన్ని ఊర్లు తిరిగినావు! పో. మీ నాయన రైలెక్కిస్తాడు."

"ఒక్కదాన్నే కాదమ్మా. ఆయన కూడా రావాల."

"అది కుదరదు."

ఆ రెండు ముక్కల్లో ఎంత గట్టిదనం ఉందో మగ్గం దగ్గరకు జారుకోబోతున్న దామోదరానికి కూడా అర్థమైంది. అతను ఆగిపోయాడు.

"ఆడి నెలలో కొత్త జంట కలిసి ఊరు దాటి, లాడ్జీలో దిగేదా?" అంది మునిరత్నమ్మ గొంతు తగ్గించి. కిటికీ తలుపు మీద ఒక కన్ను వేసే అంది. "ఈ వీధిలో ఏ ఇంట్లోనూ జరగలా. ఒక్కదానివే పోయి గెలిచిరా."

"పోయినసారి ఒక్కదాన్నే పోయినా గదమ్మా. ఏమైంది?"

తల్లి చూపు దించుకుంది. ఏమైందో ఆమెకు తెలుసు. స్టేషన్లో దిగిన కూతురు ఆ వారమంతా సరిగ్గా తినలేదు.

"మ్యాచికి ముందు ఒళ్ళు వేడెక్కేదానికి ఎవరో ఒకరు ఎదురుగా నిలబడి బంతి కొట్టాల. ఒంటరిగా పోతే, మాకు కొంచెంసేపు కొట్టండి అని కనబడినోళ్ళందరినీ అడుక్కోవాల. కోచ్‌లు జతగా వచ్చినోళ్ళు మా పిల్లకే సరిపోదు అంటారు. పోయినసారి ఒక్క బంతి కూడా కొట్టకుండానే మ్యాచిలోకి దిగినా. ఒళ్ళు కదిలేసరికి సగం ఆట పోయింది. అమ్మా, నేను మొగుడితో షికారు పోతానని అడగడంలా. నా పనికి ఆయన కావాల. నాయనకు మగ్గం కావాల్సినట్ల."

మగ్గం మాట వినేసరికి దామోదరం గొంతు సవరించుకున్నాడు.

"నాకు ఒగటి తోస్తా ఉండాది" అన్నాడు. "కుప్పమ్మక్క లెక్కలో ఆషాఢం పోయింది. అంటే అత్తాకోడళ్ళు కలిసి ఉండొచ్చు. మన లెక్కలో ఆడి నెల ఉండాది. అంటే అల్లుడు ఉండకూడదు. రెండు లెక్కల్లోనూ తప్పు లేకుండా పాప జతకు పోగలిగేది అక్క ఒక్కరే గదా?"

కుప్పమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టి చూసింది. లెక్క మాత్రం సరిగ్గానే ఉంది.

"నేనా?" అంది కుప్పమ్మ. "నేను పోయి ఆడ ఏం చేసేది, బంతులు ఏరేదా?"

గుణశేఖర్ ఫక్కున నవ్వాడు. తల్లి చూసిన చూపుకు ఆ నవ్వును దగ్గు కింద మార్చుకున్నాడు.

"నువ్వు నవ్వొద్దు. ఇంతకీ ఒగటి చెప్పు కోడలా. వీడూ నువ్వూ పోటీ పడితే ఎవురు గెలుస్తారు?"

"ఎక్కువసార్లు ఆయనే."

"చూసినావా వదినా?" అని చేతులు తిప్పింది కుప్పమ్మ. "వీడి మీద గెలిస్తే, ఇంక వీడితో పనేంది? వీడి చేతిలో ఓడితే, అంతదూరం పోయి లాభమేంది? ఎట్ల చూసినా వీడు పోవాల్సిన పని లేదు."

పూలంగడిలో బేరమాడి బేరమాడి పదునెక్కిన నోరు అది. మునిరత్నమ్మ కూడా తనకు తెలియకుండానే తలూపింది.

ఉదయలక్ష్మికి కోపం రాలేదు. ఎందుకో హుషారొచ్చింది. ఎదుటి మనిషి ఎంత గట్టిగా కొడితే అంత నెమ్మదిగా వెనక్కి పంపడమే కదా తనకు వచ్చిన విద్య!

"అత్తా, కనకాంబరాల మూర ఎవరు బాగా కడతారు, మీరా, మీ అంగట్లో గ్రేసీనా?"

"గ్రేసీది నాకంటే బిగువు" అని ఒప్పుకుంది కుప్పమ్మ. గ్రేసీ ఆమె అంగట్లో చాలాకాలంగా పూలు కడుతున్న మనిషి. "అయితే?"

"శ్రావణ శుక్రవారం గ్రేసీ రాకపోతే మీరు అంగడి తెరుస్తారా?"

కుప్పమ్మ బుట్టలో పూలు సర్దింది.

"ఈ దినమే మూసేసినా గదా. ఆమె చెల్లెలి ఇంట్లో పెళ్ళి" అంది చివరికి, కాస్త మెల్లగా.

గుణశేఖర్ పూలబుట్ట వైపు చూశాడు. "కోడలి కోసం మూసినానంటివే, అమ్మా?"

"రెండూ కలిసొచ్చినాయిలే."

ఈసారి దామోదరం నవ్వాడు. కుప్పమ్మ కూడా ఆపుకోలేక నవ్వేసింది. వియ్యపురాలు నవ్వుతుంటే గోడ పక్కన కూర్చున్న మునిరత్నమ్మ పెదవి చివర కూడా కదిలింది. కానీ ఆ నవ్వు అంతకంటే ముందుకు రాలేదు.

"ఆడేటప్పుడు ఆయన ఏం చేస్తాడు?" అని అడిగింది ఉన్నట్టుండి.

"అంటే?"

"నువ్వు ఆడతావు. ఆయన బయట కూర్చుంటాడు. కూర్చుని ఏం చేస్తాడు?"

ఆట గురించి ఇన్నేళ్ళలో తల్లి ఎప్పుడూ ఏమీ అడగలేదు. ఉదయలక్ష్మి జవాబు కోసం వెతుక్కుంటుంటే, గుమ్మం అవతల నుంచి గుణశేఖర్ చెప్పాడు.

"పాప భయపడితే వెనక్కి పోతాది అత్తా. గీత వెనక్కి, ఇంకా వెనక్కి. అట్ల పోతా ఉండాదని పాపకు తెలియదు. ఎదురుగా ఉండేటోళ్ళకే తెలుస్తాది. నేను కూర్చున్న చోటు నుంచి ఒక అడుగు ముందుకు జరిగి కూర్చుంటా. అది చూసి పాప ఒక అడుగు ముందుకు వస్తాది. అంతే నేను చేసేది."

"అంతేనా?"

"అంతే అత్తా."

మునిరత్నమ్మ తన చేతులు చూసుకుంది. మగ్గానికి పడుగు పోగులు అతికీ అతికీ వేళ్ళ చివర్లు గట్టిపడిన చేతులు.

"నేను ఎప్పుడూ దీని ఆట చూడలా" అంది, కుప్పమ్మతో చెబుతున్నట్టు. "కప్పులు తెచ్చేది. తెస్తే షెల్ఫులో పెట్టేదాన్ని. ఓడి వస్తే సాంబారన్నం కలిపి పెట్టేదాన్ని. ఆడేటప్పుడు ఎట్లుంటాదో తెలియదు వదినా. భయపడతాదని ఇప్పుడే తెల్సింది నాకు. అది కూడా అల్లుడు చెప్తే."

"నువ్వు రానన్న్యావు గదమ్మా, ఎన్నిసార్లు పిలిచినా" అంది ఉదయలక్ష్మి.

"నా కళ్ళ ముందర ఓడిపోతే ఏం చేసేది? ఊరికే చూస్తా కూర్చోవాల గదా. అందుకే రాలేదు."

తిన్నె మీద నవ్వు ఆరిపోయింది. కుప్పమ్మ బుట్టలోంచి ఒక మూర పూలు తీసి, గడప మీదుగా చెయ్యి చాచి, వియ్యపురాలి ఒళ్ళో పెట్టింది. మునిరత్నమ్మ వాటిని తీసుకుని, కూతురి తలలో తురుముతూ, ఎంతో మామూలుగా అంది.

"రేపు పొద్దున నేను పుత్తూరుకు వస్తా."

ఉదయలక్ష్మి తల తిప్పబోయింది.

"కదలొద్దు, పూలు పడతాయి. వస్తా. మీరిద్దరూ ఎట్లాడతారో నా కళ్ళతో నేను చూడాల. ఆయన లేకుంటే నీకు జరగదని నాకు తోస్తే, ఆడి నెలైనా సరే, రాత్రికి జంటగా రైలెక్కండి. వీధిలో ఎవరేమన్నా నేను చూసుకుంటా."

గడప అవతల గుణశేఖర్ రెండు పిడికిళ్ళూ బిగించి, తల్లి చూస్తోందని మళ్ళీ విప్పాడు.

"నేను మాత్రం ఇంటికాడ కూర్చుంటానా?" అంది కుప్పమ్మ. "నేనూ వస్తా. ఆ ఎర్రమన్ను సంగతేందో సూడాల."

"రాండి వదినా. ఇంకొక మాట." మునిరత్నమ్మ పూలకు చివరి పిన్ను గుచ్చింది. "ఆట చూస్తే ఆట తెలుస్తాది. నెలంతా మీరు ఆటే ఆడినారని ఎవరు చెప్పాల? ఆ కోర్టు చూసుకునే దేవరాజులు నాకు మేనమామ వరసే అవుతాడు. అబద్ధం చెప్పడు. రేపు ఆయన్ని అడుగుతా. ఒక్కనాడన్నా నెట్టు దాటి ఒకరి దగ్గరకు ఒకరు పోయినారని ఆయన చెప్పినాడో, కోయంబత్తూరుకు నువ్వూ మీ అత్తా. అల్లుడు తిరుచానూరుకు."

గుణశేఖర్ ఉదయలక్ష్మిని చూశాడు. ఈ పొద్దు మొదటిసారి సూటిగా చూశాడు.

ఇద్దరి కళ్ళ ముందూ ఒకే బొమ్మ. ఆ రోజు ఉన్నట్టుండి వాన. కోర్టు మీద టార్పాలిన్ కప్పడానికి దేవరాజులు కేకలు పెడుతుంటే ఇద్దరూ పరుగెత్తి ఒకే కొస పట్టుకున్నారు. తర్వాత రోలరు పెట్టే రేకుల కొట్టం కింద ఆగారు. దేవరాజులు ఎక్కడి నుంచో వేడి వేడి మిరపకాయ బజ్జీలు తెచ్చి ఒకే పొట్లం చేతికిచ్చి, "నేను సూడలేదులే" అని అటు తిరిగి నిలబడ్డాడు. ఆమె వాన చూస్తూ, చలికి ఆయన భుజానికి ఆనుకుని, పొట్లం ఖాళీ అయ్యేదాకా అలాగే ఉంది.

అటు తిరిగి నిలబడిన మనిషి చూసినట్టా, చూడనట్టా?

"దాటలేదు గదా?" అంది తల్లి.

లేదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. తలలో పూలు ఇంకా చల్లగా తగులుతున్నాయి. ఇంతకుముందే విన్న మాట కూడా చెవిలో తిరుగుతోంది. నా బిడ్డ గదా అని.

వెనక్కి, ఇంకా వెనక్కి పోబోతున్నానని ఉదయలక్ష్మికి తెలిసింది. గడప అవతల గుణశేఖర్, ఎవరూ చూడకుండా, ఒక్క అడుగు ముందుకు జరిగాడు.

ఆమె లేచి నిలబడింది.

"రేపు ముందు ఆట చూడమ్మా. ఆట అయినాక ఆయన్ని అడగొద్దు, నన్నే అడుగు. దేవరాజులు తాత కంటే ముందు నేనే చెప్తా, ఉన్నది ఉన్నట్ల."

మునిరత్నమ్మ కూతుర్ని కిందనుంచి పైకి చూసింది. ఆ చూపులో ఏముందో దామోదరానికి కూడా అంతుపట్టక, ఎందుకైనా మంచిదని మగ్గం వైపు నడిచాడు. టకటకమని చప్పుడు మళ్ళీ మొదలైంది.

"తెల్లారకముందే బయల్దేరాల" అని ఉదయలక్ష్మి ఇద్దరమ్మలకూ వినబడేలా చెప్పింది. "ఎండ రాకముందే ఒక సెట్టు ఆడాల. అత్తా, మీరు బావతో రేణిగుంట మీదుగా వచ్చేయండి. ఇంకోటి, కోర్టు అంచుకు పోయేటప్పుడు చెప్పులు విప్పాల. లేకుంటే దేవరాజులు తాత ఒప్పుకోడు."

"గడపే లేదంటివి" అంది కుప్పమ్మ లేస్తూ. "మరి చెప్పులేంటికి విప్పాల?"

"రేపు వచ్చి కాలు పెట్టండత్తా" అంది ఉదయలక్ష్మి. "మీకే తెలుస్తాది."